తుంటి మార్పిడికి తేదీ ఖరారైంది, ఈలోగా ఏం చేయాలి?

తుంటి కీలు మార్పిడికి సిద్ధమవుతున్నవారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఎముకల సర్జన్, ఫిజియోథెరపిస్టు కలిసి ఇచ్చిన జవాబులివి. మందులు ఆపడం, మార్చడం మాత్రం మీకు ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు చెప్పాకే.

ప్ర: మా అమ్మకు 66 ఏళ్ళు. కుడి తుంటి పూర్తిగా అరిగిపోయింది. ఇంకో ఐదు వారాల్లో ఆపరేషన్. షుగర్, బీపీ ఉన్నాయి. ఎప్పుడెప్పుడు నొప్పి లేకుండా నడుస్తానా అని రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఈలోగా మేం చేయాల్సిందేమైనా ఉందా? — ఒక పాఠకురాలు, తణుకు

జ: చాలా ఉంది. ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా భయపడాల్సింది ఇన్‌ఫెక్షన్‌కి. ఒంట్లో పెట్టిన లోహానికి రక్తప్రసరణ ఉండదు. దాని మీద సూక్ష్మజీవులు ఒకసారి పొరలా అతుక్కున్నాయంటే యాంటీబయాటిక్ అక్కడికి సరిగా చేరదు. ఒక్కోసారి పెట్టిన కీలంతా తీసేసి, నెలల తర్వాత మళ్ళీ పెట్టాల్సి వస్తుంది. కాబట్టి సూక్ష్మజీవులు ఒంట్లో ఎక్కడ దాక్కున్నాయో ఇప్పుడే వెతకాలి.

ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పుచ్చు పళ్ళు, చిగుళ్ళ వాపు ఉంటే ఈ వారంలోనే చూపించండి. పన్ను తీయాల్సి వస్తే ఆ పుండు మానడానికి వ్యవధి కావాలి. మూత్రంలో మంట ఉందేమో అడగండి. కాలివేళ్ళ సందుల్లో ఒరుపు, మడమ పగుళ్ళు, తొడ దగ్గర సెగ్గడ్డలు, గజ్జల్లో తామర ఉన్నాయేమో మీరే కళ్ళతో చూడండి. ఆపరేషన్ రోజు వీటిలో ఏది కనిపించినా వాయిదా వేసి ఇంటికి పంపేస్తారు.

షుగర్‌కి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. 7.5 దరిదాపుల్లో ఉంటే మంచిది. 8 దాటితే చాలామంది సర్జన్లు ఆగమంటారు. అమ్మగారి మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉన్నాయేమో చీటీ చూడండి. వీటిని సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. రెండు మూడు మందులు కలిసిన మాత్రల్లో ఇవి పేరు తెలియకుండా ఉండిపోతాయి కాబట్టి మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని మత్తు డాక్టరుకు చూపించండి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందును ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు. గుండెకు స్టెంటు వేయించుకుని ఉంటే గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. పసరు మందులు, వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు వాడుతుంటే అదీ చెప్పండి. నొప్పి తట్టుకోలేక తుంటిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఆపరేషన్‌కు మూడు నెలల లోపు వేయిస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ఇప్పుడే వైద్యం మొదలుపెట్టాలి. ఐరన్ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది.

ఆపరేషన్ తర్వాత మొదటి వారం అమ్మగారిని నడిపించేవి సగం చేతులే. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చుని, అరచేతులు ఆనించి ఒళ్ళు పైకి లేపే వ్యాయామం రోజూ పదేసిసార్లు రెండు పూటలా చేయించండి. తొడ ముందు కండ బిగించి ఐదు సెకన్లు ఆపడం, పిరుదులు బిగించి వదలడం కూడా ఇప్పటి నుంచే నేర్పండి. నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కష్టం.

ముందురోజు రాత్రి, ఆ రోజు పొద్దున ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన, సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో స్నానం చేయించండి. వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీయవద్దు. చిన్న గాట్లు పడి అక్కడే సూక్ష్మజీవులు చేరతాయి. మెట్టెలు, ఉంగరాలు సబ్బు రాసి ముందురోజే తీసేయండి. ఏళ్ళ తరబడి తీయని మెట్టెలు ఆపరేషన్ గది ముందు రావు. గోళ్ళకు రంగు, గోరింటాకు వద్దు. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే పరికరానికి అడ్డు.

ప్ర: మాది పల్లెటూరు. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డే. మంచం నులకది. నాన్నకు ఆపరేషన్ అయ్యాక ఎలా? — కరీంనగర్ జిల్లా నుంచి

జ: మరుగుదొడ్డి, మంచం, కుర్చీ, ఈ మూడూ ఆపరేషన్‌కు ముందే సిద్ధం కావాలి. కారణం చెప్తాం. కొత్త కీలు అంటే తొడ ఎముకలో దిగే కాడ, దాని మెడ మీద బంతి, ఆ బంతి తిరిగే గిన్నె. మన దగ్గర ఈ ఆపరేషన్ ఎక్కువగా తుంటి వెనక నుంచి చేస్తారు. అక్కడ కోసి కుట్టిన పొర, చిన్న కండరాలు గట్టిపడటానికి 6 నుంచి 12 వారాలు కావాలి. ఈలోగా తుంటిని 90 డిగ్రీలకు మించి వంచినా, కాలు మీద కాలు వేసినా, మోకాలిని లోపలికి తిప్పినా కొత్త కీలు మెడ గిన్నె అంచుకు తగిలి, మీట వేసినట్టు బంతిని బయటికి నెట్టేస్తుంది. తక్కువ ఎత్తులో కూర్చుని లేచేటప్పుడు తుంటి మరీ వంగడం, మోకాలు లోపలికి తిరగడం ఒకేసారి జరగొచ్చు.

కొలత ఇలా తీసుకోండి. నాన్నగారిని చెప్పులతో నిలబెట్టి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలవండి. దానికి రెండు అంగుళాలు కలపండి. కూర్చునేది ఏదైనా, మనిషి బరువుకు కుంగిన తర్వాత కూడా, ఆ ఎత్తు ఉండాలి. ఐదడుగుల మనిషికి సుమారు 18 అంగుళాలు, పొడవైనవారికి 20 దాకా వస్తుంది. నులక మంచం, నవారు మంచం పనికిరావు. పడుకోగానే నడుము కుంగి, లేచేటప్పుడు తుంటి మోకాలి కన్నా కిందికి పోతుంది. చెక్క మంచం మీద గట్టి పరుపు వేయండి. ఎత్తు చాలకపోతే కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించండి, ఇటుకలు వద్దు, జారతాయి.

సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీలు దొరుకుతాయి. కింద బకెట్ తీసేస్తే మరుగుదొడ్డి మీద నేరుగా పెట్టుకోవచ్చు. కొనేముందు నాలుగు కాళ్ళూ దొడ్డి గట్టుకు రెండువైపులా సమంగా ఆనతాయో లేదో కొలుచుకోండి. కాళ్ళకు రబ్బరు బుడిపెలు ఉండాలి. నీళ్ళ చెంబు నేల మీద పెట్టడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. దానికోసం ముందుకు వంగి, పక్కకు తిరుగుతారు. చేతి పైపు బిగించండి, కుదరకపోతే బకెట్‌ను స్టూలు మీద పెట్టండి. స్నానానికి కూడా పీట కాదు, ఎత్తు కుర్చీ.

గడప దాటేటప్పుడు వాకర్ అవతల పెట్టి, నాలుగు కాళ్ళూ నేలకు ఆనాయని చూసుకుని, తర్వాత ఆపరేషన్ కాలు, చివర మంచి కాలు వేయాలి. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు, చార్జర్ తీగలు మూడు నెలలు తీసేయండి. లుంగీ, పంచె వాకర్‌కు చిక్కుకుంటాయి. మోకాళ్ళ దాకా ఉండే నిక్కరు మేలు. ఆడవాళ్ళు చీర కట్టుకోవాలంటే చీలమండకు పైన ఉండేలా కట్టుకోవాలి.

ప్ర: మా అత్తగారికి ఆపరేషన్ అయి వారమైంది. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు కూడా వద్దని బంధువులు పథ్యం పెట్టించారు. కారప్పొడి, చారన్నమే తింటున్నారు. — విజయనగరం

జ: ఈ పూటే పథ్యం మాన్పించండి. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, పప్పు వల్ల రాదు. గాయం మానడానికి, కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. చారన్నంలో అవి చాలా తక్కువ. గాయం ఆలస్యంగా మానితే కుట్ల మధ్య నీరు కారుతుంది, ఆ తడిలోంచే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అంటే చీము పట్టకూడదని పెట్టిన పథ్యమే దానికి దారి చూపిస్తుంది.

బరువు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. రెండు గుడ్లకు 12, రెండు కప్పులు గట్టిపప్పుకు 14 నుంచి 16, రెండు గ్లాసుల పాలకు 12 పైన, కప్పు పెరుగుకు 5, గుప్పెడు వేరుశనగలకు 7, రోజంతా తినే అన్నం, చపాతీలకు 15 దాకా. గుడ్డు తినకపోతే పప్పు, శనగలు, పనీరు పెంచండి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. వంకాయ నిరభ్యంతరంగా తినొచ్చు.

మాటిమాటికీ బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించేస్తుంటారు, అదీ గమనించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే కొత్త కీలుకు మంచిది కాదు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో మలబద్ధకం మామూలే. మొదటి రోజు నుంచే ఇసబ్‌గోల్ గానీ, డాక్టరు రాసిన విరేచన మందు గానీ ఇవ్వండి.

ప్ర: నాకు 36 ఏళ్ళు. రెండు తుంట్లకూ ఏవీఎన్ అన్నారు. ఎడమది మార్చాలి. ఈ వయసులో పెడితే ఎన్నాళ్ళుంటుంది? ఏ రకం మంచిది? — హైదరాబాద్

జ: తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడి కుంగిపోవడమే ఏవీఎన్. స్టెరాయిడ్లు, మద్యం, ఎప్పుడో తుంటి ఎముక విరగడం, సికిల్ సెల్ జబ్బు దీనికి ముఖ్య కారణాలు.

1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో నిలబెట్టిన పద్ధతే నేటికీ పునాది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పెట్టిన తుంటి కీళ్ళలో సుమారు 58 శాతం 25 ఏళ్ళు నిలిచాయి. అవి ఎక్కువగా పాతకాలం ప్లాస్టిక్‌తో చేసినవి. ఇప్పటి క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ అంతకన్నా చాలా తక్కువ అరుగుతుంది. అయినా మీ వయసుకు జీవితంలో ఇంకోసారి మార్చాల్సి రావచ్చని అనుకుని ఉండండి.

మీ వయసువారికి సాధారణంగా సిమెంటు లేని టైటానియం కాడ, టైటానియం గిన్నె, లోపల క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్, 32 లేదా 36 మిల్లీమీటర్ల సిరామిక్ బంతి పెడతారు. మా ఓటూ దానికే. బంతి, గిన్నె రెండూ సిరామిక్ అయితే అరుగుదల ఇంకా తక్కువే గానీ కొందరికి కిర్రుమని చప్పుడు వస్తుంది, అరుదుగా పగులుతుంది. లోహం మీద లోహం రుద్దుకునే రకం వద్దు. దాని పొడి చుట్టూ ఉన్న కండను పాడుచేస్తుంది.

మీరు అడగని సంగతి ఒకటి. కుడి తుంటి ఎముక తల ఇంకా కుంగకపోతే దాన్ని కాపాడే చికిత్స ఉంది. ఎమ్మారై ఎప్పుడు తీశారో చూసి, పాతదైతే ఆ తుంటి ఏ దశలో ఉందో మళ్ళీ అడగండి. మద్యం అలవాటుంటే ఇవాళే ఆపేయండి, సిగరెట్ కూడా.

ప్ర: ఆపరేషన్ అయ్యాక కాలు పొడుగైనట్టుంది. చెప్పు కింద ఎత్తు వేయించుకోనా? — ఒంగోలు

జ: ఇప్పుడే వద్దు. ఏళ్ళ తరబడి బిగుసుకున్న కండరాలు నడుమును ఒకవైపుకు వంచి ఉంచుతాయి. అవి సాగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు ఎత్తు వేస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. మూడు నెలల తర్వాత కూడా తేడా ఉంటే అప్పుడు కొలిపించండి. సెంటీమీటరు లోపు తేడా చాలామందికి తెలియను కూడా తెలియదు.

ప్ర: కాలు వాచింది. నూనె రాసి మర్దనా చేయించవచ్చా? — అనంతపురం

జ: చేయించకండి. రెండు కాళ్ళ పిక్కల చుట్టుకొలత టేపుతో కొలిచి చూడండి. పొద్దున తగ్గి సాయంత్రం పెరిగే వాపు కొన్ని నెలలు మామూలే. ఆపరేషన్ కాలి పిక్క మాత్రం గట్టిగా, వేడిగా ఉండి నొక్కితే నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. దీన్ని ఆపడానికే సుమారు 35 రోజులు రక్తం పలచబడే మందు రాస్తారు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపేయకండి. పడుకున్నా కూర్చున్నా గంటకోసారి పాదాలను ఇరవైసార్లు పైకి కిందికి ఆడించాలి.

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అంబులెన్స్‌లో అత్యవసర విభాగానికి పోవాలి. గాయం నుంచి వారం దాటినా తడి ఊరుతుంటే, జ్వరం వస్తే అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరును కలవండి. వేరేచోట యాంటీబయాటిక్ మింగితే లోపలి చీము బయటపడకుండా ముదిరిపోతుంది. టక్కుమన్నట్టనిపించి, భరించలేని నొప్పితో కాలు పొట్టిగా, లోపలికి తిరిగి ఉంటే కీలు తప్పినట్టే. నిలబెట్టవద్దు. కట్టు కట్టేవాళ్ళను, కీళ్ళు సరిచేస్తామనేవాళ్ళను ముట్టుకోనివ్వవద్దు.

ప్ర: మెట్లు, కారు, స్కూటర్ సంగతి చెప్పండి. మెట్ల దారిలో తిరుమల కొండెక్కే మొక్కు కూడా ఉంది. — రాజమండ్రి

జ: మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు, కర్ర ముందు. కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో ఉండాలి. కారులో ముందు సీటు వెనక్కి జరిపి, వాల్చి, సీటు మీద ప్లాస్టిక్ కవర్ పరవండి. ముందు పిరుదులు ఆనించి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. కవర్ మీద జారుతూ తిరగడం తేలిక. ఆటో ఆరు వారాల దాకా వద్దు. కారు నడపడం కూడా ఆరు వారాల తర్వాత, డాక్టరు చూశాకే. స్కూటర్ మూడు నెలలు వద్దు. ఆడవాళ్ళు స్కూటర్ వెనక ఒకవైపు కూర్చోవడం ఆ తర్వాత కూడా మంచిది కాదు.

అలిపిరి దారిలో 3550 మెట్లు. ఏడాది నిండి, కుంటు లేకుండా రోజూ ఐదారు కిలోమీటర్లు నడవగలిగితే డాక్టరును అడిగి, ఆగి ఆగి ఎక్కొచ్చు. మోకాళ్ళ మీద ఎక్కడం, పొర్లుదండాలు, సాష్టాంగ నమస్కారం వద్దు. వ్రతాలకు పీట బదులు కుర్చీ వేసుకోండి.

ప్ర: నాన్నను ఆపరేషన్ అయ్యాక అమెరికా తీసుకెళ్ళాలి. ఎప్పుడు ప్రయాణం పెట్టుకోవచ్చు? — డాలస్ నుంచి

జ: అంత దూరానికి మూడు నెలలు ఆగడం మంచిది. నడవ పక్క సీటు తీసుకోండి, గంటకోసారి లేపి నడిపించండి. విమానాశ్రయంలో తనిఖీ గేటు మోగవచ్చు. ముందే చెప్తే వేరుగా తనిఖీ చేస్తారు. డిశ్చార్జి కాగితాల్లో కీలు భాగాల స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఫోటో తీసి మీ దగ్గరా ఉంచుకోండి. ఏళ్ళ తర్వాత అరిగిన ప్లాస్టిక్ ఒక్కటే మార్చాలన్నా, దానికి సరిపోయే భాగం తెప్పించడానికి సర్జన్ అడిగేది ఆ స్టిక్కర్లే.