స్నైపర్ అవుతానంటున్న కొడుకు, నిద్ర పట్టని తండ్రి

కావలి నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఆరు నెలలుగా ఫోన్లో స్నైపర్ల, అంటే దాక్కుని దూరం నుంచి గురిపెట్టి కాల్చే సైనికుల వీడియోలేనట. కంప్యూటర్ ఇంజనీరింగ్ (సీఎస్ఈ) వద్దు, ఆర్మీలో స్నైపర్‌నై యుద్ధంలో ధైర్యానికిచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం పరమవీర చక్ర తెచ్చుకుంటానంటున్నాడట. నాలుగేళ్ళ సైనికుడి ఉద్యోగం అగ్నివీరా, ఇంటర్‌తో ఆఫీసర్ శిక్షణకు వెళ్ళే ఎన్డీఏనా, బీటెక్ చదివించి పంపాలా, ఏది మంచిది అని అడిగారు.

అన్నా, మీరు అడిగింది ఆ మూడింటి గురించే గానీ మీకు నిద్ర పట్టనిది దానివల్ల కాదు. పిల్లోడు తిరిగి రాడేమోనని ఒకటి, మనిషిని చంపడం మీద వాడికి మోజు పుట్టిందేమోనని ఇంకొకటి. గిద్దలూరు, కంభం వైపు నుంచి వచ్చే తల్లులు కూడా నా ఎదురుగా కూర్చుని ఇదే మాటను చుట్టూ తిప్పి అడుగుతారు.

రెండో భయం వదిలేయండి. మీవాడు రోజూ చెప్పే సోవియట్ స్నైపర్ లుడ్మిలా పావ్లిచెంకో 1941లో జర్మనీ దండెత్తే నాటికి కీవ్‌లో చరిత్ర చదివే విద్యార్థిని. 309 మందిని కాల్చి చంపిందని లెక్క రాశారు, సోవియట్ వీరురాలి బిరుదూ ఇచ్చారు. 1942లో గాయపడ్డాక కొత్తవాళ్ళకు గురి నేర్పింది, యుద్ధం అయ్యాక ఆగిపోయిన చదువు పూర్తి చేసింది. ఫిన్లాండ్ స్నైపర్ సిమో హైహా యుద్ధంలో దవడ పగిలి బతికి, మళ్ళీ వ్యవసాయం చేసుకుంటూ 96 ఏళ్ళు ఉన్నాడు. వీళ్ళు పతకం కోసం బయల్దేరినవాళ్ళు కారు, ఊరి మీదికి యుద్ధం వచ్చిపడితే వెళ్ళారు. వీడియోల్లో అంకె చూపిస్తారు, ఇది చూపించరు.

పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికి వచ్చింది, అందులో 14 మందికి చనిపోయాకే. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్డీఏకి వెళ్ళారు, 2020లో చైనా సరిహద్దు గల్వాన్‌లో ప్రాణమిచ్చాక, పరమవీర చక్ర తర్వాతి పతకం మహావీర చక్ర ప్రకటించారు. ఇవి మీవాడికి మీరే చెప్పాలి, బెదిరించడానికి కాదు, నిజం కాబట్టి. స్నైపర్‌గా ఎవరినీ నేరుగా తీసుకోరని కూడా చెప్పండి. పదాతి దళంలో చేరి, గురి బాగుంటే అక్కడ ఎంపికై శిక్షణకు వెళ్ళాలి. పనిలో ఎక్కువ భాగం గంటల తరబడి కదలకుండా పడుకుని చూడటం, చూసింది చెప్పడం.

ఇక ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టానని రాశారే, అది తప్పన్నా. వాడు మీకు దాచకుండా చెప్పాడు, మీరు దానికి శిక్ష వేశారు. రేపటి నుంచి ఏదీ చెప్పడు.

అగ్నివీర్ మీద నాకు అనుమానాలున్నాయి. నాలుగేళ్ళయ్యాక ఉంచుకునేది నూటికి పాతిక మందిని, మిగతావాళ్ళు చివర్లో ఇచ్చే సుమారు 11.7 లక్షల సేవానిధి డబ్బుతో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు ఇంటికొస్తారు. చదువులో బాగున్న ఎంపీసీ పిల్లోడిని ముందు దానికి పంపొద్దు. జెండా బొమ్మ వేసి లక్షల్లో ఫీజు అడిగే డిఫెన్స్ కోచింగ్ అకాడమీలూ వద్దు, కాలేజీ లెక్కలు, రోజూ పొద్దున పరుగు, ఇంగ్లీషు పేపరు, ఇవి చాలు. ఎన్డీఏ రాయనివ్వండి. జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తాడు, ఆ ర్యాంకుతో ఇంటర్ ఎంపీసీ వాళ్ళను ఆఫీసర్లుగా తీసుకునే ఆర్మీ టెక్నికల్ ఎంట్రీకీ అప్లై చేయొచ్చు. రాకపోతే బీటెక్ చేసి, డిగ్రీ అయినవాళ్ళు ఆఫీసర్ కావడానికి రాసే సీడీఎస్ పరీక్ష రాస్తాడు, మీ సీఎస్ఈ ఎక్కడికీ పోదు.

కళ్ళజోడు ఉందని చివర్లో ఒక్క ముక్క రాశారు. ఆర్మీ వైద్య పరీక్షలో కళ్ళూ చూస్తారు, అసలు ముందు చూడాల్సింది అదే. ఈ వారం నెల్లూరు తీసుకెళ్ళి పవర్, రంగుల చూపు రెండూ పరీక్ష చేయించండి. దారిలో పక్కింటి వాళ్ళబ్బాయి ప్యాకేజీ ఎత్తకుండా, ఆ పావ్లిచెంకో కథ మొదటి నుంచి చెప్పమనండి.