ఎన్నారై సందేహాలు: కొరియాలో ఒక్కడినే తిరుగుతూ ఏం తినొచ్చు?

సందేహం: నాది కాకినాడ. ఉద్యోగం మీద సువన్ వచ్చి మూడు నెలలైంది. వచ్చే నెల పది రోజులు సెలవు పెట్టి ఒక్కడినే సియోల్, బుసాన్, జేజు తిరగాలనుకుంటున్నాను. కదిలే ఆక్టోపస్, పట్టుపురుగులు, పచ్చి చేప లాంటివన్నీ రుచి చూడాలని ఉంది. కడుపు చెడుతుందా? మోసపోకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, కడుపు గురించి అడిగావు, మోసం గురించి అడిగావు. అసలు అడగాల్సింది "ఒక్కడినే" అన్న మాట గురించి. దాన్ని మాత్రం ఏదో మాటవరసకి అన్నట్టు రాసేశావు.

ఇక్కడ హోటల్ తలుపు తోయగానే వినిపించే మొదటి ప్రశ్న "మ్యొత్ బునియెయో?" ఎంతమంది అని. 2009లో నేను చదువుకోడానికి దేజన్ వచ్చినప్పుడు ఆ ముక్క కూడా రాదు నాకు. మొదటి ఆదివారం ఒక హోటల్‌కి వెళ్ళి, అడిగింది అర్థం కాకపోయినా ఊహించి ఒక వేలు చూపించాను. ఆవిడ రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టి లేదు పొమ్మంది. పక్క హోటల్లోనూ అదే వరస. నా రంగు చూసి పంపేశారనుకున్నాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, తిన్నానని అబద్ధం చెప్పి, హాస్టల్ గదిలో బిస్కెట్లు తిని పడుకున్నాను. గోడ మీది మెనూలో ధర పక్కన చిన్న అక్షరాలతో "ఇద్దరికి తగ్గకుండా" అని రాసి ఉంటుందని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. పొయ్యి బల్ల మీదే పెట్టి వండే కూరలు, కాల్చుకునే మాంసం, పెద్ద చేప, ఇవన్నీ ఇక్కడ కనీసం ఇద్దరి లెక్కన అమ్ముతారు. ఇప్పుడు కాలం కొంచెం మారింది. ఒంటరిగా తినడానికి "హొన్‌బప్" అని ఒక పేరే పుట్టింది, గోడవైపు ఒంటి కుర్చీలు వేసిన హోటళ్ళూ వచ్చాయి. అయినా నువ్వు తినాలని ముచ్చటపడుతున్న సముద్రపు సరుకు దగ్గర మాత్రం పాత లెక్కే నడుస్తోంది.

నా చేప కథ విను. ఆ ఏడు చలికాలంలో సియోల్ వెళ్ళి నోర్యాంగ్‌జిన్ చేపల మార్కెట్ చూశాను. అప్పుడింకా పాత కట్టడమే, ఇప్పుడున్న భవనం 2016లో తెరిచారు. పద్ధతి మాత్రం అదే. కింద తొట్లలో ఈదుతున్న చేపను బేరమాడి కొనుక్కోవాలి, పైన హోటల్లో మనిషికింత అని బల్ల ఖర్చు కట్టి కూర్చోవాలి. నాది హిందూపురం. చెరువు చేప తప్ప ఎరగనివాణ్ణి. అమ్మే ఆయన చూపించిన రెండున్నర కిలోల బల్లపరుపు చేపకి సరేనని తలూపాను. వేయించి పెడతారనుకున్నాను. పైకి వెళ్ళి కూర్చుంటే పెద్ద పళ్ళెం నిండా పచ్చి చేప ముక్కలు పరిచి తెచ్చారు. హ్వే అంటే అదే. నలుగురు కూర్చునే బల్ల, నలుగురికి సరిపడే చేప, ఒక్కణ్ణి నేను. పక్క బల్లలో తాతయ్యలు సోజు పోసుకుంటూ నన్ను చూసి నవ్వారు. ఆ నెల మెస్ డబ్బుల్లో పావు వంతు అక్కడే పోయింది. నిజం చెబుతున్నాను, డబ్బు పోయినందుకు బాధ లేదు. "ఇదేంట్రా ఇలా ఉంది" అని అనడానికి ఎదురుగా ఒక మనిషి లేకపోవడమే ప్రాణం తీసింది. చివర్లో తలా ముళ్ళూ వేసి మిరపపొడితో ఎర్రగా కాచిన మేఉన్‌థాంగ్ తెచ్చిపెట్టారు. చింతపండు పడని పులుసనుకో. దానితోనే రెండు గిన్నెలన్నం తిన్నాను.

కాబట్టి అక్కడ బేరం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను: కిలో ఎంతో ముందే అడుగు, తూకం వేసే బుట్టలోంచి నీళ్ళు వంపేశాకే ముల్లు చూడు, బల్ల ఖర్చు, పులుసు ఖర్చు మెట్లెక్కక ముందే తెలుసుకో. మెనూలో అంకె లేకుండా "షిగా" అని ఉంటే అది ఆ రోజు మార్కెట్ ధర, కూర్చోకముందే కనుక్కో. గొడవైతే 1330కి ఫోన్ చెయ్యి, ఇంగ్లీషులో మాట్లాడతారు. మిగతా నిబంధనలు నీ ఫోన్‌లోనే దొరుకుతాయి. మాకు ఆ సుఖం లేదు, మీ తరానికి నోరు తెరవకుండానే ఫోనే కొరియన్ మాట్లాడిపెడుతుంది.

ఇక కదిలే ఆక్టోపస్, సాన్నక్చి. పొడుగు చేతుల చిన్న ఆక్టోపస్‌ని అప్పటికప్పుడు ముక్కలు కోసి, నువ్వుల నూనె, నువ్వులు చల్లి ఇస్తారు. ఆక్టోపస్‌కి నరాల కణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయట, అందుకే కోసినా అవి మెలికలు తిరుగుతూనే ఉంటాయి. మా ల్యాబ్ వాళ్ళు రాత్రి విందుకి తీసుకెళ్ళినప్పుడు, భారతదేశం పరువు నేనే మోస్తున్నట్టు ఫీలై ఒక ముక్కను నమలకుండా గుటుక్కున మింగాను. అది గొంతులో పట్టుకుంది. ఊపిరి ఆడలేదు. మా సీనియర్ వెనక నుంచి వీపు మీద నాలుగు గట్టిగా వేస్తే బయటపడింది. దీనివల్ల చనిపోయినవాళ్ళు ఈ దేశంలోనే ఉన్నారు. బాగా నమలాలి, తాగి తినకూడదు అని అందరూ చెబుతారు. నేనింకో మాట కలుపుతాను: ఒంటరిగా తినకు. వీపు మీద కొట్టే చెయ్యి లేని చోట ఆ పళ్ళెం ముందు కూర్చోవద్దు. జేజులో సముద్రంలో మునిగి గవ్వలు తెచ్చే ఆడవాళ్ళు, హెన్యోలు, ఉన్నారు చూడు, యునెస్కో 2016లో గుర్తించిందే వాళ్ళ సంప్రదాయం. డెబ్బై ఏళ్ళ వయసులోనూ ఊపిరి బిగబట్టి దూకే ఆ మనుషులే ఒంటరిగా నీళ్ళలోకి దిగరు. నువ్వెంత?

పట్టుపురుగులు, అంటే బొన్‌దెగి, వేరే సంగతి. కాగితం కప్పులో ఉడకబెట్టి అమ్ముతారు, డబ్బాల్లోనూ దొరుకుతాయి. పట్టు దారం తీశాక మిగిలిన పురుగుని పారేయకుండా తినడం ఇక్కడ పేదరోజుల్లో బాగా అలవాటైంది. మా హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ నీకు తెలిసే ఉంటుంది. మా అమ్మమ్మ ఇంటి వెనక రీలింగ్ షెడ్డు ఉండేది, వేడినీళ్ళ తొట్లలో గూళ్ళు ఉడికే ఆ వాసన బట్టలకి పట్టేసేది. మిగిలిన పురుగుల్ని దాణాకి పట్టుకుపోయేవాళ్ళు. దేజన్‌లో ఒక పార్కు గేటు దగ్గర ముసలావిడ కప్పు చేతికిస్తే, మూత తీయగానే అదే వాసన! తిన్నానా అంటే నాలుగు తిన్నాను. రుచి బఠాణీకీ బొరుగులకీ మధ్య ఏదో, మట్టివాసనతో. ఆవిడతో ఇరవై నిమిషాలు నిలబడి, చేతులతో దారం తీస్తున్నట్టు చూపిస్తూ మా ఊరి సంగతి చెప్పాను. ఆవిడకెంత అర్థమైందో తెలియదు, వెళ్ళేటప్పుడు ఇంకో కప్పు "సొబిసు" అని ఇచ్చింది. సర్వీస్ అన్న మాటకి ఇక్కడ అర్థం ఊరికే ఇచ్చేదని. పీత, రొయ్య పడనివాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది.

నువ్వు ఒక్కడివే వెళ్ళక తప్పదంటే, బండ్ల దగ్గర నిలబడి తిను. బండి దగ్గర ఎంతమందని ఎవరూ అడగరు. కారం పులుసులో ఉడికే బియ్యప్పిండి ముక్కలు, అదే ఎర్రటి త్తొక్‌పొక్కి, పుల్లకి గుచ్చిన ఒముక్, దాని వేడి రసం కాగితం కప్పులో ఎంత తాగినా డబ్బు తీసుకోరు. ఒముక్ అంటే చేప మాంసం, పిండి కలిపి చేసేది. సియోల్‌లో క్వాంగ్‌జాంగ్ బజార్‌కి వెళ్ళు, 1905 నుంచీ ఉంది. పెసలు రాతి తిరగలిలో రుబ్బి నూనెలో వేయించే బిందెత్తొక్ చూశాక పెసరట్టు మనదొక్కటే అనుకోవడం మానేస్తావు. అక్కడి బల్లలు ఇరుకు, ఎవరో ఒకరి మోచెయ్యి తగులుతుంది, అదే దాని సుఖం. వడ్డించే ఆవిణ్ణి "ఆజుమ్మా" అనకు, నడివయసు ఆవిడ అని అర్థం, కొందరికి కోపం వస్తుంది. "ఇమో" అను. ఇమో అంటే అమ్మ అక్కో చెల్లెలో, పెద్దమ్మో పిన్నో. ఆ ఒక్క మాటకి నాకు పదిహేనేళ్ళలో ఎన్ని గిన్నెల కిమ్చీ అదనంగా వచ్చిందో లెక్కలేదు. బుసాన్‌లో చగల్చి మార్కెట్ చుట్టూ తిరుగు, కానీ భోజనానికి పంది మాంసం పడితే దాని రసంలో అన్నం వేసిచ్చే గుక్‌బప్ తిను, అది ఎవరి గిన్నె వాళ్ళదే. జేజులో నత్తగుల్ల గంజి, జొన్‌బొక్‌చుక్, ఒక్కడికీ పెడతారు. గొడ్డు మాంసం వద్దనుకుంటే "సోగోగి" అన్న మాట గుర్తుపెట్టుకో. ముక్కు మండే పులిసిన హొంగొ చేప మాత్రం ఈసారికి వదిలెయ్. అందులోని యూరియా అమోనియా అవుతుంది, స్నేహితులు బలవంతం చేస్తే తప్ప తినే వస్తువు కాదది. వేసవిలో పచ్చి గవ్వలు, కాలేయం జబ్బున్నవాళ్ళకి ఎప్పుడూ పచ్చి చేప, వద్దు. కడుపు గురించి నేను చెప్పేది అంతే.

నేనూ సువన్‌లోనే ఉంటాను. నీ సెలవు మొదలయ్యే ముందు శనివారం మా ఆవిడ, నేను, పిల్లాడు నోర్యాంగ్‌జిన్ వెళ్తున్నాం. నువ్వొస్తే నలుగురం. రెండున్నర కిలోల చేపకి సరిపోతాం. మంచి కోటు మాత్రం వేసుకురాకు, ఆ వాసన వారం దాకా వదలదు.