ఖలీఫాకు ఆయుష్షు పోస్తే చాలదు

చిరంజీవికి,

నీ నవల మొదటి అధ్యాయాలు చదివాను. స్పెయిన్‌లోని కోర్డోబాను ఏలిన ఖలీఫా రెండవ అల్ హకమ్ 976లో చనిపోకుండా మరో ఇరవై ఏళ్లు బతికి ఉంటే? మంచి ప్రశ్న పట్టుకున్నావు. కానీ ఆయన బతకడంతోనే అన్నీ వాటంతట అవే చక్కబడిపోతున్నాయి. నాకు పేచీ అక్కడే.

జరిగిన చరిత్రను ఒకసారి చూడు. ఆయన పోయేసరికి కొడుకు హిషామ్ చిన్నపిల్లవాడు. అడ్డొస్తాడనుకున్న తమ్ముడు ముగీరాను వెంటనే చంపేశారు. అధికారం మెల్లగా ఆస్థానంలోని అధికారి ఇబ్న్ అబీ ఆమిర్ చేతికి వచ్చింది. ధర్మశాస్త్ర పండితుల మెప్పు కోసం అతను ఖలీఫా కూడబెట్టిన గ్రంథాలయం నుంచి తత్వశాస్త్రం, ఖగోళం పుస్తకాలను ఏరించాడు. కొన్నిటిని తగలబెట్టారు, మరికొన్నిటిని కోటలోని బావుల్లో పడేసి మట్టీ రాళ్లూ కప్పేశారు. ఆ గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలన్న లెక్క నాకు అతిశయోక్తిగానే తోస్తుంది. అయినా పేర్ల జాబితాలే 44 సంపుటాలని కోర్డోబా పండితుడు ఇబ్న్ హజ్మ్ రాసిపెట్టాడు. అంత సంపదా ఒక్క మనిషి ఇష్టం మీద, ఆయన కోటలోనే నిలబడి ఉంది. నువ్వు ఇరవై ఏళ్లు కలిపితే ఆ మంట ఇరవై ఏళ్లు ఆలస్యమవుతుంది, అంతే.

మలుపు వేరేచోట ఉంది. కోర్డోబాలో పేదపిల్లల కోసం ఖలీఫా 27 బడులు పెట్టించాడు. చివరి రోజుల్లో, జబ్బుపడ్డాక, అంగడిలో గుర్రపు జీనులు చేసేవాళ్ల దుకాణాల మీద వచ్చే ఆదాయాన్ని ఆ బడుల పంతుళ్ల జీతాలకు వక్ఫ్‌గా, అంటే దేవుడి పేర శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తిగా, రాసిచ్చాడు. తోలు వాసన వేసే ఆ వీధి నీ నవలలో ఎక్కడా లేదు! ఖలీఫా ఉపన్యాసాలు మాత్రం పేజీలకు పేజీలున్నాయి.

అదే చేత్తో పుస్తకాలను కూడా వక్ఫ్ చేసి, కోట దాటించి మసీదు పక్కకు చేర్చాడనుకో. ఇప్పుడు ఇబ్న్ అబీ ఆమిర్ వాటిని ముట్టుకోవాలంటే దేవుడి ఆస్తి మీద చెయ్యి వేయాలి, అదీ తాను మెప్పించాలనుకున్న పండితుల కళ్లెదుటే. ఆ పండితులు రెండుగా చీలిపోతారు. నీ కథ అక్కడ మొదలవుతుంది. ఆయుష్షు ఒక్కరోజు కూడా పెంచనక్కర్లేదు.

ఇబ్న్ అబీ ఆమిర్‌ను రాక్షసుణ్ణి చేయకు. కోర్డోబాలోనే చదువుకున్నవాడు, కోట వాకిట అర్జీలు రాసిపెట్టి పైకి వచ్చినవాడు. తన చేత్తో ఖురాన్ రాసుకుని యుద్ధాలకు వెంట తీసుకువెళ్లేవాడు. పుస్తకం విలువ తెలిసిన మనిషి పుస్తకాన్ని కాల్చించాడంటే, ఎంత లెక్క వేసుకుని ఉంటాడో చూపించు.

ఆస్థాన లేఖకురాలు లుబ్నా చేత నువ్వు పద్యాలు మాత్రమే చదివిస్తున్నావు. ఆమెకు వ్యాకరణమూ గణితమూ వచ్చు. ఆ వక్ఫ్ పత్రం ఆమె చేతే రాయించు. ఏ దుకాణం, ఎంత అద్దె, ఏ బడికి ఎంత అన్నది వరుసగా రాయనీ. రెండో అధ్యాయం అక్కడి నుంచి తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.