అకుమాల్ నుంచి సొంతంగా తిరిగితే 1,500 డాలర్లు సరిపోతాయా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. జూన్ మొదటి వారంలో మెక్సికోలో కరీబియన్ తీరాన ఉన్న అకుమాల్ వెళ్తున్నాం. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు (10, 7 ఏళ్లు), ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు. విమానం టికెట్లు, ఇంటి అద్దె కట్టేశాం. చిచెన్ ఇట్జా, కోబా, తులుమ్‌లలోని మాయా శిథిలాలు, ఏదైనా ఒక సెనోటే (మంచినీటి మడుగు) చూపించడానికి ఒక ఏజెంట్ టూరుకు తలా 110 డాలర్ల చొప్పున మొత్తం 2,200 చెప్పాడు. 200 అడ్వాన్స్ ఇచ్చాం. అది కాక మా దగ్గర 1,500 ఉన్నాయి. తక్కువైన 500 క్రెడిట్ కార్డు మీద పెడదామంటున్నారు మా వారు. సొంతంగా తిరగగలమా?

జవాబు: కార్డు మీద అప్పు వద్దు. ఉన్న 1,500లోనే నాలుగూ చూడొచ్చు.

ఏజెంట్ ధర తలకు ఇంత అని ఉంటుంది. కారు అద్దె మాత్రం ఇద్దరు ఎక్కినా అయిదుగురు ఎక్కినా ఒకటే. మీరు అయిదుగురు కాబట్టి దూరం ఊళ్లకు కారే చవక. అలాగని వారమంతా కారు పెట్టుకోవద్దు, రెండు రోజులు చాలు. ముందు రోజు సాయంత్రం తులుమ్‌లోనో ప్లాయా డెల్ కార్మెన్‌లోనో కారు తీసుకుంటే, 48 గంటల అద్దెలో రెండు పూర్తి పగళ్లు మీ చేతికొస్తాయి.

మొదటి పగలు చిచెన్ ఇట్జా. రెండు, రెండున్నర గంటల ప్రయాణం. అకుమాల్ ఉన్న కింతానా రో రాష్ట్రంలో గడియారం చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ కంటే గంట ముందుంటుంది. తెల్లవారి బయల్దేరితే ఆ గంట మీకు కలిసొచ్చి, గేటు తెరిచే వేళకు, ఎండా టూర్ బస్సులూ రాకముందే అక్కడుంటారు. వచ్చేటప్పుడు అదే గంట పోతుంది కాబట్టి మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం కట్టండి. ఆ రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు చాలా ఎక్కువ, చీకట్లో కనపడవు. ఇక్కడ టికెట్ రెండు ముక్కలు, ఒకటి కేంద్ర పురావస్తు శాఖకు, ఇంకొకటి రాష్ట్రానికి. రెండూ కలిపి లెక్క వేసుకోండి.

రెండో పగలు కోబా. శిథిలాలు అడవిలో దూరం దూరంగా ఉంటాయి. మీ అత్తగారు అంత నడవక్కర్లేదు, లోపల తొక్కే రిక్షాలు దొరుకుతాయి. ఊరి దగ్గరే చో-హా లాంటి సెనోటేలు ఉన్నాయి. సెనోటే అంటే సున్నపురాయి కుంగి ఏర్పడిన మంచినీటి మడుగు. కిందికి మెట్లు దిగాలి కాబట్టి పెద్దావిడ పైన కూర్చోవడం మేలు. అలా ఒకే పెట్రోలు ఖర్చుతో రెండు టూర్లు అయిపోతాయి. జూన్‌లో ఒడ్డుకు సర్గాసమ్ నాచు కొట్టుకొచ్చే అవకాశం ఉంది. సముద్రంలో దిగలేని రోజున పిల్లలకు సెనోటేనే దిక్కు.

తులుమ్‌కు కారు అక్కర్లేదు. దాదాపు 25 కిలోమీటర్లే. హైవే 307 మీద కొలెక్టివో అనే తెల్ల వ్యాన్లు మన షేర్ ఆటోల్లాగే చెయ్యెత్తితే ఆగుతాయి, దిగేటప్పుడు డ్రైవర్‌కు పెసోల్లో ఇవ్వాలి. హైవే నుంచి శిథిలాల వరకూ నడక ఉంది, లోపల నీడ తక్కువ. తిరిగొచ్చేటప్పుడు అత్తగారి కోసం టాక్సీ మాట్లాడండి. మీటర్లు ఉండవు, ఎక్కకముందే ధర ఖాయం చేసుకోండి.

నా అంచనా ఇది: కారు, ఇన్సూరెన్స్ 200. పెట్రోలు, టోల్, పార్కింగ్ 90. నాలుగు చోట్లా టికెట్లు 520. చిచెన్ ఇట్జాలో గైడ్ 70. కొలెక్టివో, టాక్సీ 60. బయట భోజనాలు 240. మొత్తం 1,180. దీనికి 220 కలిపి 1,400 అనుకోండి. ప్రవేశ రుసుములు పెరుగుతుంటాయి, ఆ 220 అందుకే.

ఈ లెక్కను తారుమారు చేసేది కారు ఇన్సూరెన్స్. ఆన్‌లైన్‌లో కారు అద్దె రోజుకు పది డాలర్లని కనపడుతుంది. కౌంటర్‌కు వెళ్లాక థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటారు. అది మోసం కాదు, మెక్సికో చట్టమే. అమెరికా క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ అద్దె కారు డ్యామేజీకే, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కాదు. అందుకే అన్నీ కలిపిన ధర మెయిల్‌లో రాయించుకుని, ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే చేయండి. జూన్ 1తో హరికేన్ సీజన్ మొదలవుతుంది. చిన్నవాడి బూస్టర్ సీటు ఇంటి నుంచే తీసుకెళ్తే ఆ అద్దె మిగులుతుంది.

విదేశీ లావాదేవీ రుసుము లేని కార్డు వాడండి, మామూలు కార్డుల్లో అది 3 శాతం దాకా ఉంటుంది. మెషిన్ "డాలర్లలోనా, పెసోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ పెసోలే. చిన్న సెనోటేల దగ్గర నగదు ఉండాలి.

కాగితాల విషయం ఇంకా ముఖ్యం, ఇక్కడ తప్పు జరిగితే కట్టిన డబ్బంతా పోతుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. మీ హెచ్-1బీ స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే మాత్రం ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం) ఉంది కదా అని విమానం ఎక్కకండి. అలాగే అత్తగారి విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో పనిచేస్తుందో లేదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే ఆ వారానికి వేరే పాలసీ తీసుకోండి, నేను కలిపిన 220లోంచే అయినా సరే.

ఇక అడ్వాన్స్ సంగతి. ఆ 200 వెనక్కి రాకపోయినా, ఇంకో 2,000 కట్టడం కంటే 1,400తో తిరిగి రావడమే మీకు లాభం. కానీ వదిలేసే ముందు ఒక మాట అడగండి: ఆ డబ్బును కాన్‌కున్ విమానాశ్రయం నుంచి అకుమాల్‌కు వ్యాన్ కోసం సర్దుతారా అని. దాదాపు 100 కిలోమీటర్లు, అయిదుగురు, సామాన్లు. ఆ ఖర్చు మీకు ఎలాగూ ఉంది.