ఒక్క ఓటు తేడాతో అభిశంసన

ప్రశ్న: అమెరికాలో సరిహద్దు భద్రత, వలసల వ్యవహారాలు చూసిన మంత్రి మయోర్కస్‌ను అభిశంసించారని చదివాను. అయినా ఆయన పదవి ఎందుకు పోలేదు? అసలు ఆయన ఆ స్థానానికి ఎలా వచ్చారు? – ఒక పాఠకురాలు

జవాబు: అలెహాంద్రో మయోర్కస్ స్వయంగా వలస వచ్చినవారే. 1959లో హవానాలో పుట్టారు. క్యూబా విప్లవం తర్వాత, 1960లో, ఆయన కుటుంబం ఆ పసివాడితో అమెరికా చేరింది. న్యాయశాస్త్రం చదివి ప్రాసిక్యూటరుగా పనిచేశాక, 2009లో ఒబామా ప్రభుత్వంలో పౌరసత్వ, వలస సేవల సంస్థకు అధిపతి అయ్యారు. హెచ్-1బి దరఖాస్తు పెట్టినవారున్న ఇళ్లలో యూఎస్‌సీఐఎస్ అని తరచూ వినిపించే పేరు ఈ సంస్థదే. చిన్నతనంలో అనుమతి లేకుండా ఆ దేశానికి వచ్చినవారికి తాత్కాలిక రక్షణ కల్పించే 'డాకా'ను 2012 జూన్‌లో ప్రకటిస్తే, ఆగస్టుకల్లా దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు జరిగింది ఆయన హయాంలోనే. తర్వాత హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలో ఉపమంత్రిగా పనిచేసి, 2021 ఫిబ్రవరిలో అదే శాఖకు మంత్రి అయ్యారు. గ్రీన్‌కార్డు మంజూరు చేసే సంస్థ, సరిహద్దు గస్తీ, అనుమతి లేనివారిని వెనక్కి పంపే విభాగం అన్నీ ఆ శాఖ కిందివే కాబట్టి, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఏదో ఒక పక్షానికి కోపం తప్పదు.

మెక్సికో సరిహద్దు దాటి వచ్చేవారి సంఖ్య బాగా పెరగడంతో, ఆయన కావాలనే చట్టాన్ని అమలు చేయడం లేదని రిపబ్లికన్లు ఆరోపించారు. 2024 ఫిబ్రవరి 6న ప్రతినిధుల సభలో ఓటింగు జరుగుతుండగా, శస్త్రచికిత్స చేయించుకున్న డెమొక్రాట్ సభ్యుడు అల్ గ్రీన్ ఆసుపత్రి దుస్తుల్లోనే, చక్రాల కుర్చీలో వచ్చి వ్యతిరేకంగా ఓటు వేశారు. దాంతో తీర్మానం వీగిపోయింది. వారం తిరిగాక, 13వ తేదీన, 214–213తో నెగ్గింది.

అయితే అమెరికా రాజ్యాంగం ప్రకారం ప్రతినిధుల సభ అభిశంసన అంటే అభియోగం మోపడమే. పదవి నుంచి తొలగించాలంటే సెనేట్ విచారణలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ఏప్రిల్ 17న డెమొక్రాట్ల ఆధిక్యం ఉన్న సెనేట్, ఆ అభియోగాలు రాజ్యాంగ ప్రమాణాలకు సరితూగవంటూ విచారణ లేకుండానే కొట్టివేసింది. విధానంపై తగవును నేరంగా చూపడం కష్టమన్నది మా అభిప్రాయం కూడా. కానీ సాక్ష్యం వినకుండానే ముగించడం హుందాగా అనిపించలేదు. మయోర్కస్ 2025 జనవరి 20న, ప్రభుత్వం మారేదాకా, పదవిలోనే ఉన్నారు.

ఆయనకు ముందు అభిశంసనకు గురైన మంత్రి 1876లో యుద్ధ శాఖ చూసిన విలియం బెల్‌నాప్ ఒక్కరే. ఆయన సభలో ఓటింగుకు కాస్త ముందే రాజీనామా చేశారు కాబట్టి, పదవిలో ఉండగా అభిశంసనకు గురైన తొలి మంత్రి మయోర్కసే.