రెండు ముళ్లూ కలిసి తప్పు చూపిస్తే గేజ్‌ల జోలికి వెళ్లకండి
(పాత కార్లు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మాది 1960ల చివర్లో తయారైన బ్రిటిష్ కారు, స్మిత్స్ కంపెనీ గేజ్‌లు ఉన్నాయి. సగం ట్యాంకు పెట్రోలుకే ఫ్యూయల్ గేజ్ ఫుల్ చూపిస్తోంది. ఇంజిన్ కాస్త వేడెక్కేసరికి టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతోంది. రేడియేటర్ బాగానే ఉంది. రెండు గేజ్‌లూ మార్చెయ్యమంటున్నారు. మార్చమంటారా?

జవాబు: వద్దు. రెండు గేజ్‌లు ఒకేసారి, ఒకే తీరులో పాడవడం చాలా అరుదు. ఆ రెండింటికీ కరెంటు ఇచ్చేది డాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్. ముందు దాన్ని పట్టుకోండి.

ఈ గేజ్‌లలో బైమెటల్ పట్టీ (రెండు లోహాలు అతికించిన రేకు), దాని చుట్టూ సన్నటి తీగచుట్ట ఉంటాయి. కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగి ముల్లును తోస్తుంది. కీ తిప్పాక ముల్లు నింపాదిగా లేవడం అందుకే. బ్యాటరీ వోల్టేజి 12 నుంచి 14 దాకా మారుతూ ఉంటే ముల్లూ దానితోపాటే మారుతుంది కనుక, స్టెబిలైజర్ కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. దాని లోపలా ఇలాంటి వేడెక్కే పట్టీయే, దాని చివర కాంటాక్టులు. స్టెబిలైజర్‌కు ఎర్త్ (కారు బాడీతో ఉండే కనెక్షన్) పోతే ఆ పట్టీ వేడెక్కదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజి మొత్తం గేజ్‌లకు వెళ్లిపోతుంది. మీ కారు లక్షణాలు సరిగ్గా ఇవే.

కాబట్టి మొదటి పని స్క్రూడ్రైవర్, గరుకు కాగితం. స్టెబిలైజర్‌ను బిగించిన స్క్రూ కింద తుప్పు, పెయింట్ గీకేసి మళ్లీ గట్టిగా బిగించండి. దాని మీద పైవైపు ఏదో గుర్తు ఉంటే అలాగే నిలబెట్టండి. వేడి మీద పనిచేసేది కనుక తలకిందులైతే లెక్క తప్పుతుంది.

తర్వాత గేజ్‌లవైపు వెళ్లే ‘ఐ’ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య చిన్న 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ పెట్టి కీ ఆన్ చేయండి. మొదటి కొన్ని సెకన్లు వెలుగుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఎంతసేపటికీ ఆరకపోతే ఎర్త్ అన్నా లేదు, కాంటాక్టులన్నా అతుక్కుపోయాయి. అసలు వెలగకపోతే ‘బి’ టెర్మినల్‌కు కరెంటు వస్తోందో లేదో చూడండి. అక్కడా లేకపోతే ఫ్యూజ్ దగ్గరికి వెళ్లాలి. డిజిటల్ మల్టీమీటర్‌లో అంకెలు గెంతుతూ ఉంటాయి, ఈ పనికి ల్యాంపే మేలు.

స్టెబిలైజరే పోయిందని తేలితే, పాత డబ్బాలోనే 7810 ఐసీ (స్థిరంగా 10 వోల్టులు ఇచ్చే చిన్న చిప్) అమర్చుకోవచ్చు. ఇన్‌పుట్‌కూ ఎర్త్‌కూ మధ్య 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌కూ ఎర్త్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చాలు. రెండు గేజ్‌లూ కలిపి అర ఆంపియర్ కూడా లాగవు. ఐసీ వెనక రేకును బాడీకి బిగిస్తే అదే ఎర్త్ అవుతుంది, వేడీ లాగేస్తుంది. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపిన పాత కార్లకు ఇది పనికిరాదు. వాటికి నెగటివ్ వోల్టేజి మీద పనిచేసే 7910 ఐసీ కావాలి. దాని రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది కనుక బాడీకి తగలకుండా మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ వేసి బిగించాలి. ఇది మరిచిపోతే నేరుగా షార్టే.

ప్రశ్న: ట్యాంకు దించి పెయింట్ వేయించాక ఫ్యూయల్ గేజ్ సున్నా మీదే ఉండిపోయింది. టెంపరేచర్ గేజ్ బాగానే పనిచేస్తోంది.

జవాబు: టెంపరేచర్ గేజ్ బాగుందంటే స్టెబిలైజర్ నిర్దోషి. పెయింట్ తర్వాత వచ్చిన జబ్బు కాబట్టి ట్యాంకు ఎర్త్ మీదే అనుమానం.

ట్యాంకు యూనిట్ (ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని బట్టి రెసిస్టెన్స్ మార్చే భాగం) నుంచి వైరు తీసి, దాని చివరను 33 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బాడీకి కలిపి, ఆ తర్వాతే కీ ఆన్ చేయండి. అరనిమిషంలో ముల్లు ఫుల్ దగ్గరికి వస్తే గేజ్, వైరు రెండూ బాగున్నట్టే. వైరును నేరుగా బాడీకి తాకించే అలవాటు చాలామందికి ఉంది. ఎక్కువసేపు ఉంచితే గేజ్‌లోని చుట్ట దెబ్బతింటుంది, పైగా పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ. రెసిస్టర్ ఉన్నా ఇంధనం మూత బిగించి, పెట్రోలు వాసన లేదని నిర్ధారించుకున్నాకే ఈ పని.

ఇప్పుడు కీ ఆపేసి, ట్యాంకు యూనిట్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య ఓమ్స్ కొలవండి. స్మిత్స్ యూనిట్ ఖాళీ ట్యాంకులో సుమారు 240–270, నిండుగా ఉంటే 20–30 చూపాలి. బాడీతో కొలిస్తే రీడింగ్ రాక, యూనిట్ అంచు రేకుతో కొలిస్తే వస్తోందా? అయితే దోషం ఎర్త్‌దే. అంచు స్క్రూ నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక వైరు వేసేయండి. రెండుచోట్లా రాకపోతేనే యూనిట్ బయటికి తీయాలి. అందులో తీగచుట్ట అరిగి తెగి ఉంటుంది. దాని ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డి) చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడినట్టే.

ఈ అంకెలు అన్ని కార్లకూ పెట్టకండి. పాత జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి 0, నిండుకు 90 ఓమ్‌లు. అంటే వైరు ఊడితే ముల్లు ఫుల్ దాటుతుంది, ఎర్త్‌కు తగిలితే ఖాళీ చూపుతుంది. పూర్తిగా తిరగబడిన లెక్క.

ప్రశ్న: కొత్త టెంపరేచర్ సెండర్ (ఇంజిన్ వేడిని గేజ్‌కు తెలిపే భాగం) వేశాక ముల్లు అసలు లేవడం లేదు.

జవాబు: మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి ఉంటారు. ఆ సెండర్‌కు ఎర్త్ ఆ మరల ద్వారానే. టేపు తీసి, రాగి వాషర్‌తో బిగించండి.

ప్రశ్న: తక్కువ వేగంలో స్పీడోమీటర్ ముల్లు ఊగిపోతోంది.

జవాబు: కేబుల్ పొడిబారింది, లేదా ఎక్కడో మరీ గట్టిగా వంగింది. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువైన వంపు ఉండకూడదు. లోపలి తీగ లాగి, తుడిచి, పలచగా గ్రీజు రాయండి. మీటరు వైపు చివరి 20 సెంటీమీటర్లకు మాత్రం గ్రీజు వద్దు, అది మెల్లగా పైకి పాకి మీటరులోకి చేరి అయస్కాంతం దగ్గర ముల్లును పట్టేస్తుంది. కిలోమీటర్ల అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే కదలకపోతే కేబుల్‌ది తప్పు కాదు, మీటరు విప్పించాల్సిందే.