ఎగుమతి ప్రణాళికలో అంకె వేసే ముందు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జిల్లా ఎగుమతి ప్రణాళిక పదిహేను రోజుల్లో కావాలని కలెక్టరుగారు అడిగారనీ, ఎంత డబ్బు అడగాలో పాలుపోవడం లేదనీ నిన్న చెప్పావు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. అంకె చివర్లో వేసుకో తల్లీ. ముందు మన సరుకు ఎక్కడ ఆగిపోతోందో కనుక్కో.

నేను సర్వీసులో ఉండగా ఒక ఎక్స్‌పోర్టరు వచ్చి నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. యూరప్ వెళ్ళిన అతని మిర్చి కంటైనరు తిరిగొచ్చింది. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని అక్కడి నిబంధన, అతని సరుకులో దాటింది. రానూపోనూ కిరాయి అతని నెత్తినే పడింది. సరుకు ఎవరి కల్లం నుంచి వచ్చిందని ఆరా తీస్తూ పోతే ఒక ఊరు తేలింది. వెళ్ళి చూశాం. కాయలు మట్టి నేల మీదే పోసున్నాయి, రాత్రి మంచుకు కప్పడానికి పట్టా లేదు. పైకి గలగలమంటున్న కాయని తొడిమ దగ్గర విరిస్తే లోపల మెత్తగా ఉంది, గింజల మీద బూజు. ఆ రైతు తప్పేం లేదు, ఆయనకి చెప్పినవాళ్ళే లేరు.

నీ ప్రణాళిక ఆ కల్లంలో మొదలవ్వాలి. టార్పాలిన్ పట్టాలు, ఆరబోసే గచ్చు, తేమ కొలిచే మీటర్లు. ఇవన్నీ చవక. చవక కాబట్టే మీటింగుల్లో ఎవరూ వీటి ఊసెత్తరు. నువ్వు ఎత్తు.

ల్యాబ్ కట్టమని చాలామంది అంటారు. గుంటూరులో మసాలా దినుసుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉండగా మరో భవనం ఎందుకు? శాంపిల్ తీసే మనుషులకి, చిన్న ఎక్స్‌పోర్టరు కట్టాల్సిన టెస్టింగ్ ఫీజులో కొంత భాగానికి అడుగు. వేరే జిల్లాలో ఒక ల్యాబ్ చూశాను. ఖరీదైన మిషన్ మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఫ్రిజ్‌లో రసాయనాల సీసాలు గడువు దాటి ఉన్నాయి. కొనడానికి డబ్బిచ్చారు కానీ, టెక్నీషియన్ జీతానికీ ఏటా మెయింటెనెన్స్‌కీ పద్దు పెట్టలేదు. నువ్వు ఏది అడిగినా అయిదేళ్ళ నిర్వహణ ఖర్చు పక్కనే రాయి.

ఎగుమతి సదుపాయాలు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చేలా 2017లో వచ్చిన టైస్ పథకంలో, కేంద్రం వాటా మామూలుగా ప్రాజెక్టు ఈక్విటీలో, అంటే అప్పు కాని సొంత పెట్టుబడిలో సగం, 20 కోట్లు మించకూడదని పెట్టారు. మిగతా సగం ఎవరు పెడతారో ఖాయం కాకుండా ఫైలు కదపకు. అలాంటి పనులకే దానికి ముందున్న అసైడ్ పథకానికి 2015లో కేంద్రం సాయం ఆపేసినప్పుడు, సగం గోడలు లేచి ఆగిపోయిన షెడ్లు నా కళ్ళతో చూశాను.

విదేశీ ప్రదర్శనలకి అధికారులకన్నా చిన్న వ్యాపారుల్ని పంపించు. ఒకసారి నేనూ వెళ్ళొచ్చాను. బోలెడు విజిటింగ్ కార్డులు వచ్చాయి, ఆర్డరు ఒక్కటీ రాలేదు. ధర చెప్పగలిగినవాడు ఆ స్టాల్లో లేడు. ఆ తప్పు ఇప్పటికీ బాధ పెడుతుంది, అది ప్రజల డబ్బు.

ఇంకో సంగతి. 2020 ఫిబ్రవరి నుంచి షిప్పింగ్ బిల్లులో, అంటే ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌కి ఇచ్చే పత్రంలో, సరుకు పుట్టిన జిల్లా పేరు రాయాలి. నీ జిల్లా లెక్క దాన్నుంచే వస్తుంది. మన మిర్చి చెన్నై రేవు నుంచి పోయేటప్పుడు, బిల్లు నింపే గుమాస్తా తన ఆఫీసున్న జిల్లా పేరు రాసేస్తే మన కష్టం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆ గుమాస్తాల్ని ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడు. టీ ఖర్చు తప్ప ఇంకేం కాదు. ఏడాది చివర ఎంవోయూలు (ఒప్పంద పత్రాలు) లెక్కపెట్టకు, ఈ బిల్లులు లెక్కపెట్టు.

రొయ్యల సంగతి కూడా మర్చిపోవద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు దెబ్బంతా చెరువు గట్టు మీద రైతుకి తగిలింది. యూరప్‌కి అమ్ముదామంటే, అక్కడ 2016 నుంచి మన చెరువు రొయ్యల కన్సైన్‌మెంట్లలో సగం యాంటీబయాటిక్ పరీక్షకి పంపడం మొదలుపెట్టారు. రెండో మార్కెట్ కావాలంటే చెరువు దగ్గరే పరీక్ష జరగాలి, దానికి ఇప్పుడే అడుగు.

రేపు తెల్లవారుజామునే మిర్చి యార్డుకి వెళ్ళు, కారు బయటే ఆపి నడిచి వెళ్ళు. హమాలీల్ని కూడా అడుగు, ఏ లాటు తడిగా వచ్చిందో వాళ్ళకి బస్తా భుజానికెత్తగానే తెలిసిపోతుంది. చిత్తు ప్రతి ఆదివారం పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. పెద్దమ్మ నిన్ను భోజనానికి ఉండమంది.

మీ పెదనాన్న